కొత్త తీగ లాగకుండా తెరిచిన వార్డు

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, రిటైరై ఏడేళ్లయినా నన్ను చూడగానే తప్పులు వెతికే చూపు ఇంకా పోని మా పాత చీఫ్ ఇంజనీరుగారికి, ఇంధన పొదుపు శాఖలో ఇన్నేళ్లూ నాతోపాటు నిచ్చెనలెక్కి, మీటర్లు చదివి, వెళ్లిన ప్రతిచోటా నాకు పడాల్సిన తిట్లలో తలా కొంచెం పంచుకున్న తోటి ఉద్యోగులకు, డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన పెద్దాసుపత్రి సిస్టర్లకు, మూడో వరసలో ఇప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్న లెక్కల మాస్టారు మావారికి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

మాట్లాడే ముందు ఒక చిన్న మనవి. బయట పట్టపగలు, ఎండ విరగకాస్తోంది. మనం మాత్రం కర్టెన్లన్నీ దించుకుని నలభై రెండు లైట్లు వేసుకుని కూర్చున్నాం. సన్మాన పత్రం చదువుతున్నంతసేపూ నేను వినయంగా తల వంచుకోకుండా పైకి చూస్తున్నానేమిటా అని మీరనుకుని ఉంటారు. లైట్లు లెక్కపెడుతున్నాను. (నవ్వులు) ఇంధన పొదుపు శాఖవాళ్ల వీడ్కోలు సభ ఇలా జరిగిందని బయట తెలిస్తే పరువు పోతుంది, కిటికీల దగ్గరున్నవాళ్లు కాస్త ఆ కర్టెన్లు జరపండి నాయనా. ఆఁ, చాలు. ఇప్పుడు మీ మొహాలు కూడా కనిపిస్తున్నాయి. (చప్పట్లు)

నేను ఈ శాఖలో చేరేనాటికి దీనికి సొంత గది లేదు. విద్యుత్ భవనంలో మెట్ల కింద, విరిగిన కుర్చీలు పడేసే చోటు ఖాళీ చేసి మూడు బల్లలు వేశారు. నిలబడితే తలకి మెట్టు తగిలేది. దేశం మొత్తానికీ కరెంటు పొదుపు నేర్పించే జాతీయ పథకం ఆ మెట్ల కింద మొదలైంది. ఇంట్లో కొనే ఫ్రిజ్జుల మీద, ఫ్యాన్ల మీద ఏది ఎంత కరెంటు తాగుతుందో చూపే గుర్తు వేయించాలి, పాత మోటార్లకు బదులు మంచి మోటార్లు వచ్చేలా చూడాలి, ప్రభుత్వ భవనాలన్నీ తిరిగి ఎక్కడ వృథా అవుతోందో పట్టుకోవాలి. కాగితం మీద మా పని అది. మిగతా భవనం అంతా మాకు పెట్టిన పేరు 'ఆర్పేసే ఆఫీసు'. లిఫ్టులో ఎవరైనా ఎదురైతే, "ఏమ్మా, ఇవాళ ఎన్ని ఆర్పారు?" అనేవారు. డైరెక్టరుగారూ, మీరప్పుడు నాలుగో అంతస్తులో, కొత్త పవర్‌హౌస్‌లు కట్టే విభాగంలో ఉండేవారు. ఆ మాట మీరూ రెండుసార్లు అన్నారు. తేదీలు చెప్పమంటారా? (నవ్వులు) వద్దంటున్నారు. సరే.

ఇల్లు మాత్రం తక్కువ తిందా? మా అత్తగారిని ఒకసారి చుట్టాలావిడ ఎవరో అడిగారు, "మీ కోడలు ఏం ఉద్యోగం చేస్తుందండీ?" అని. ఆవిడ ఏమీ తడుముకోకుండా, "ఊళ్లోవాళ్ల లైట్లన్నీ ఆర్పేసి వస్తుందమ్మా. దానికి గవర్నమెంటు జీతం కూడా ఇస్తుంది" అన్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా, మా ఇంట్లో చక్కబెట్టుకునేలోపే దీపం ఆర్పేసే కోడలు దొరికిందని ఆవిడ బాధ. (నవ్వులు) ఆవిడ ఇవాళ లేరు. ఉంటే ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవారు, ఆ తర్వాత ఇంటికెళ్లి నన్ను నాలుగు తిట్టేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సన్మాన పత్రంలో నా గురించి చాలా రాశారు. 'పెద్దాసుపత్రిలో శిశు వార్డుకు విద్యుత్ సమకూర్చిన ఘనత' అని ఒక వాక్యం ఉంది. చదివినవారి గొంతు బాగుంది, వాక్యం కూడా బాగుంది, కానీ అందులో సగమే నిజం. మిగతా సగం నేను చెప్పకుండా దిగిపోతే ఈ సభలో కూర్చున్న ఒక పెద్దమనిషి నన్నేమీ అనరు కానీ, నాకే నిద్ర పట్టదు. అందుకని ఓపిక పట్టండి. మాస్టారూ, వాచీ జేబులో పెట్టండి. (నవ్వులు)

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. పెద్దాసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఇరవై నాలుగు పడకల వార్డు కట్టారు. గోడలకు రంగు వేశారు, పిల్లల్ని వెచ్చగా ఉంచే యంత్రాలు వచ్చాయి, తలుపు మీద బోర్డు కూడా పెట్టారు. తలుపు మాత్రం తెరవలేదు. ఎందుకంటే కరెంటు లేదు. కరెంటు లేదంటే అసలు లేదని కాదు. ఆసుపత్రికి వచ్చే లైను మోయగలిగిన బరువు ఎనిమిది వందల కిలోవాట్లు. ఎండాకాలం ఉదయం పదకొండింటికి, ఆపరేషన్ గదులూ, ఎక్స్‌రేలూ, లాండ్రీ, పంపులూ అన్నీ ఒకేసారి నడిచే వేళకి, మీటరు ముల్లు ఏడు వందల ఎనభై రెండు దాకా వెళ్లి నిలబడేది. పైన మిగిలిన పద్దెనిమిదీ అత్యవసరానికని ముట్టుకోనివ్వరు. కొత్త వార్డుకి తొంభై కావాలి. గ్లాసు నిండా నీళ్లున్నప్పుడు ఇంకో చెంబుడు పోయలేం కదా. కొత్త లైను లాగాలంటే మూడేళ్లు పడుతుందన్నారు. యంత్రాలు అట్టపెట్టెల్లో, వరండాలో, పద్నాలుగు నెలలుగా గోడకి చేరబడి ఉన్నాయి. జనం వాటి మీద సంచులు పెట్టుకుని కూర్చునేవారు.

ఆ స్థితిలో మా చీఫ్ ఇంజనీరుగారు, ఇదిగో వీరే, ఒక సమావేశంలో లేచి ఎవరూ అడగకుండానే, "కొత్త లైను అక్కర్లేదు, ఆ తొంభై కిలోవాట్లూ ఆసుపత్రి లోపలే ఉన్నాయి, వృథా అయ్యే చోటు పట్టుకుని మావాళ్లు తీసిస్తారు" అని చెప్పేశారు. గది అంతా నవ్వింది. నాలుగు నెలలు గడువిచ్చారు. ఈలోపు కాకపోతే ఆ పెట్టెలు వేరే ఊరి ఆసుపత్రికి పంపేస్తామన్నారు. బయటికొచ్చాక నేను, "సార్, తొంభై ఉన్నాయని మీకెలా తెలుసు?" అని అడిగాను. ఆయన, "నాకెలా తెలుస్తుందమ్మా, నువ్వెళ్లి చూసి చెప్పు" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

వెళ్లాను. మొదటి రోజు పసిపిల్లల పాత గదిలో నన్ను పెద్ద సిస్టరు ఆపారు. ఆవిడ ఇక్కడే ఉన్నారు, నీలం కళ్లజోడు. అప్పుడా గదిలో ఆరు పడకలే ఉండేవి. ఆవిడ నా చేతిలోని కాగితాల కట్ట చూసి, "మీరు కరెంటు ఆఫీసువాళ్లా? మా వార్డు ఎప్పుడు తెరుస్తారు?" అన్నారు. నేను మా పథకం గురించి, శాతాల గురించి ఏదో మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేశారు. "పోయిన నెల పడకలు చాలక ముగ్గురు పిల్లల్ని అంబులెన్సులో వేరే ఊరు పంపాం మేడం. రెండు గంటల దారి. ఇద్దరే వెనక్కొచ్చారు. మీ శాతాలు మీరు చూస్కోండి, నాకు తలుపు తెరుచుకుంటే చాలు" అన్నారు.

ఆ మాట విన్నాక ఎవరైనా పని జాగ్రత్తగా చేస్తారనుకుంటారు. నేను తొందరగా చేశాను. రెండింటికీ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

రెండు రోజుల్లో ఆసుపత్రి అంతా చుట్టబెట్టాను. పాత ట్యూబులైట్లు లెక్క రాసుకున్నాను. మూడుసార్లు కాలిపోయి మూడుసార్లు తీగ చుట్టించుకున్న పంపు మోటార్లు చూశాను. సగం మూసిన వాల్వులోంచి నీళ్లు నెడుతూ రొప్పుతున్న పంపును చూశాను. చల్లదనం యంత్రాల మీద వేలెడు మందం దుమ్ము చూశాను. మూడో రోజు ఆఫీసులో కూర్చుని ఇరవై ఆరు పేజీల నివేదిక రాశాను. నాలుగో పేజీలో, ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు, 'ఈ వృథాకు ప్రధాన కారణం నిర్వహణ సిబ్బంది అలసత్వం' అని రాశాను. రాసి, చాలా బాగా రాశానని సంతోషపడి, సంతకం పెట్టి పైకి పంపాను.

పెద్దాసుపత్రి నిర్వహణ సిబ్బంది అంటే ఎవరో మీలో చాలామందికి తెలుసు. ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ ఒకాయన, కింద ఇద్దరు మనుషులు. వెయ్యి పడకల ఆసుపత్రికి ముగ్గురు. ఆ ఫోర్‌మన్‌ని డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ ఫ్యూజు బాబాయి అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క ఆపరేషన్ కూడా కరెంటు పోయి మధ్యలో ఆగిపోలేదు. నేను ఆయన్ని కలవలేదు. స్విచ్ గదికి వెళ్లినప్పుడు ఆయన ఎక్కడో నిచ్చెన మీద ఉన్నారు. ఆయన కోసం ఆగే తీరిక నాకు లేదు.

పనులు మొదలయ్యాయి. లైట్లు మార్చాం, ఫ్యాన్లు మార్చాం, రెండు పంపులు మార్చాం, చల్లదనం యంత్రాలు కడిగించాం. ఇక్కడ కూడా ఒక గొప్ప పని చేశాను. ఇంజెక్షన్లిచ్చే గదిలో కొత్త లైట్లు మరీ పొదుపుగా పెట్టించాను. మర్నాడు ఒక చిన్న సిస్టరు నా చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి లాక్కెళ్లి, "ఏదీ, ఈ వెలుగులో నా చేతి మీద నరం చూపించండి" అంది. నాకు చెయ్యే సరిగ్గా కనిపించలేదు. (నవ్వులు) సాయంత్రానికల్లా మార్పించాను. నవ్వకండి, ఆ పిల్ల నన్ను చెప్పు తీసి కొట్టలేదు, అదొక్కటే తక్కువ.

రెండున్నర నెలలకి లెక్క వేస్తే యాభై నాలుగు కిలోవాట్లు దిగాయి. అక్కడితో ఆగిపోయాయి. ఇంకా ముప్పై ఆరు కావాలి. పైన చూశాను, కింద చూశాను, మళ్లీ మొదట్నుంచి చూశాను. ఎక్కడా లేవు. పెట్టెలు తీసుకెళ్లడానికి వేరే ఊరి ఆసుపత్రివాళ్లు మనుషుల్ని పంపి కొలతలు కూడా తీసుకుపోయారు. ఆ పూట వరండాలో దిగాలుగా నిలబడితే పెద్ద సిస్టరు వచ్చి, "బాబాయిని అడిగారా?" అన్నారు. లేదన్నాను. "ఎలా అడుగుతార్లెండి. ఆయనకి మెమో ఇప్పించింది మీరే కదా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. నా నివేదిక పైకి వెళ్లింది, పైనుంచి ఆసుపత్రికి వచ్చింది, అందులోని ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆయనకి మెమో ఇచ్చి, సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటి మచ్చ. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదట. మధ్యాహ్నం క్యాంటీన్‌కి రావడం మానేశారట, అంతే.

నేను స్విచ్ గదికి వెళ్లాను. ఆయన బల్ల మీద ఏదో విప్పుకుని బాగుచేస్తున్నారు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి నా వైపు జరిపి, "కూర్చోండి మేడం. మా అలసత్వం ఎలా ఉంటుందో దగ్గరుండి చూద్దురుగాని" అన్నారు.

వెటకారం కాదండీ అది. అందులో కోపం కూడా లేదు. అది ఉంటే తట్టుకునేదాన్ని. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. పక్కన రంగు డబ్బా ఉంటే దాని మీద కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చున్నాను. ఆ నాలుగు గంటల్లో ఆయనకి ముప్పై ఒక్క ఫోన్లొచ్చాయి. ప్రతిదానికీ పరుగెత్తారు. కొత్త మోటారు కావాలని ఆరేళ్లుగా ఆయన రాసిన ఉత్తరాల నకళ్లు గోడ మీద మేకుకి గుచ్చి ఉన్నాయి. దుమ్ము పట్టిన యంత్రాలు కడగడానికి ఇంకో మనిషి కావాలని రాసినవీ ఉన్నాయి. నేను ఇరవై ఆరు పేజీల్లో కనిపెట్టానని మురిసిపోయినవన్నీ ఆయన నాకంటే ముందే, నాకంటే పొట్టి వాక్యాల్లో రాసి పంపారు. జవాబు ఒక్కదానికీ లేదు.

మర్నాడు చీఫ్ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లి, "సార్, ఆ నివేదిక వెనక్కి తీసుకోవాలి" అన్నాను.

"అంకెలు తప్పా?"

"అంకెలు సరైనవే సార్. మాట తప్పు."

"పైకి వెళ్లిన కాగితం వెనక్కి తెస్తే మన ఆఫీసు పరువేం కాను? అసలే అందరూ నవ్వుతున్నారు."

"తేకపోతే నా మొహం నేనెలా చూసుకోను సార్?"

ఆయన సొరుగులోంచి తెల్లకాగితం తీసి నా ముందుకి తోసి, "నీ చేత్తో నువ్వే రాయి. టైపు చేయించకు" అన్నారు. రాశాను. 'నా నివేదిక నాలుగో పేజీలో నిర్వహణ సిబ్బంది గురించి రాసిన వాక్యం తప్పు. వారి పనిని చూడకుండా రాశాను. తప్పు నాది.' దాని కింద ఆయన కూడా సంతకం పెట్టారు. సార్, ఆ సంతకం పెట్టాల్సిన అవసరం మీకు లేదు. ఆ రోజు మీకు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. (చప్పట్లు)

ఆ కాగితం పట్టుకుని నేనే ఆసుపత్రి ఆఫీసులో మూడు రోజులు తిరిగాను. మెమో రద్దయింది. సర్వీసు పుస్తకంలో ఆ గీత కొట్టేయించి, కాపీ తీసుకెళ్లి బాబాయి చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. నేను, "నన్ను క్షమించండి బాబాయిగారూ" అన్నాను. ఆయన గోడకున్న తాళాల గుత్తి తీసుకుని, "ఓసారి రండమ్మా, మీకోటి చూపించాలి" అన్నారు. అప్పటిదాకా మేడం, ఆ పూట అమ్మా అయ్యాను.

ఆసుపత్రి వెనక పాత భవనం ఉంది. అందులో ఇప్పుడు పాత రోగుల ఫైళ్లు పెడతారు. ఆయన తాళం తీసి లోపలికి తీసుకెళ్లారు. చీకటిగా ఉంది కానీ వెచ్చగా ఉంది. గోడ మీద చెయ్యి పెడితే గోడ వెచ్చగా ఉంది! ఫైళ్ల మీద ఒక పిల్లి హాయిగా పడుకుని మమ్మల్ని చూసి ఆవులించింది. గది చివర పెద్ద ఇనప తొట్టి, లోపల నీళ్లు కాగుతూ సన్నగా హోరు పెడుతోంది.

"ఒకప్పుడు పురుటి వార్డు ఇదేనమ్మా" అన్నారు బాబాయి. "అప్పటి సూపరింటెండెంటమ్మ నన్ను పిలిచి, 'పురిటాళ్లకి వేడినీళ్లు ఒక్క గంట కూడా ఆగకూడదు, నువ్వు నాకు మాటివ్వాలి' అంది. ఇచ్చాను. వార్డు కొత్త బిల్డింగుకి పోయింది. ఆవిడ పోయింది. ఆపాలా అని కాగితం పెట్టాను, జవాబు రాలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదమ్మా."

"ఎన్ని కిలోవాట్లు బాబాయిగారూ?"

"ముప్పై."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

ఆయన పిల్లి వంక చూస్తూ అన్నారు: "ఊరికే లైట్లు పాతవైతేనే అలసత్వం అని రాశారు. పదకొండేళ్లుగా ఫైళ్లకి నీళ్లు కాస్తున్నానని చెప్తే ఇంకేం రాసేవారు?"

ఈ దేశంలో ఎన్ని గోడల వెనక ఎన్ని తొట్లు ఇలా కాగుతున్నాయో, వాటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో, ఆ మనుషుల్ని మనం ఎలా మాట్లాడించాలో, నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నది ఆ గదిలోనే.

"మీరు ఆపండమ్మా" అన్నారాయన స్విచ్ చూపించి. "మీరు మాటిచ్చి వేసింది, మీరే ఆపాలి" అన్నాను. ఆయన ఆ పిడి మీద చెయ్యి వేసి, ఎవరికో చెప్పుకున్నట్టు పెదాలు కదిపి, కిందికి లాగారు. హోరు ఆగిపోయింది. పిల్లి మాత్రం మమ్మల్ని ఇద్దర్నీ ఇప్పటిదాకా క్షమించలేదు. (నవ్వులు)

యాభై నాలుగూ ముప్పై, ఎనభై నాలుగు. ఇంకా ఆరు కావాలి. దానికి బాబాయి నన్ను లాండ్రీకి తీసుకెళ్లారు. లాండ్రీ పెద్దమ్మ, ఆవిడ చేతులు చూస్తేనే తెలుస్తుంది ఎన్ని వేల దుప్పట్లు ఉతికాయో, ఆవిణ్ణి కూర్చోబెట్టి, "పదకొండింటికి కాకుండా తొమ్మిదిలోపు రెండు హీటర్ల పని ముగించగలవా?" అని అడిగారు. ఆవిడ, "ఎప్పట్నుంచో ఆరింటికే మొదలెట్టాలనుంది బాబూ, ఎండెక్కాక ఆ ఆవిరిలో చావలేకపోతున్నాం. ఎవరడిగారు మమ్మల్ని?" అంది. ఇంకో పన్నెండు దిగాయి. మొత్తం తొంభై ఆరు!

గడువుకి పది రోజుల ముందు, మంచి ఎండలో, సరిగ్గా పదకొండింటికి వార్డు యంత్రాలన్నీ ఒకేసారి వేసి చూడాలనుకున్నాం. స్విచ్ గదిలో సూపరింటెండెంటుగారు, చీఫ్ ఇంజనీరుగారు, నాలుగో అంతస్తు నుంచి తమాషా చూడ్డానికొచ్చిన మన డైరెక్టరుగారు, నేను, బాబాయి. అందరం ఒక ముల్లు వంక చూస్తూ నిలబడ్డాం. ఆపరేషన్ గదులు ఆపలేదు. ఎక్స్‌రేలు ఆపలేదు. ఆసుపత్రిలో ఏ ఒక్కరికీ ఏ అసౌకర్యమూ చేయకుండా గెలిస్తేనే గెలుపని బాబాయి పంతం. వార్డులోంచి పెద్ద సిస్టరు ఫోన్లో చెబుతున్నారు, "ఒకటి వేశాం... అయిదు... పది... ఇరవై... ఇరవై నాలుగు. చల్లదనం వేశాం. అన్నీ వేశాం." ముల్లు లేచింది. ఏడు వందలు దాటింది, యాభై దాటింది, డెబ్బై దాటింది. డెబ్బై ఆరు దగ్గర ఒకసారి వణికి, నిలబడిపోయింది. ఎనిమిది వందల దగ్గరున్న ఎర్రగీతకి ఇంకా ఇరవై నాలుగు కిందే!

బాబాయి అద్దం మీద వేలితో టకటకా కొట్టి చూశారు. ముల్లు కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి, చాలా గంభీరంగా, "మేడం, ఈ ముల్లుకి అలసత్వం పట్టుకుందండీ. ఎర్రగీత దాకా పోనంటోంది" అన్నారు. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

లేవండి బాబాయిగారూ. లేచి నిలబడండి. అందరూ ఒకసారి చూడాలి. (సభ అంతా లేచి నిలబడి చప్పట్లు)

ముల్లు అలా ఆగిపోవడం చూశాకే నాకు ఏడుపొచ్చింది, ఆ రోజు. ఫోన్లో పెద్ద సిస్టరు, "ఏమైంది? ఎవరూ మాట్లాడరేంటి? మళ్లీ ఆపేయమంటారా?" అని అరుస్తున్నారు. నేను ఫోన్ లాక్కుని, "ఆపకండి సిస్టర్, ఇంక ఎప్పటికీ ఆపకండి" అన్నాను. మధ్యాహ్నం మూడింటికి కవల పిల్లలొచ్చారు, నెలన్నర ముందే తొందరపడినవాళ్లు. ఇద్దరూ కలిపి ఒక దిండంత లేరు. అంబులెన్సు ఎక్కకుండా, మెట్లు కూడా దిగకుండా, పక్క గదిలోంచి పక్క గదిలోకి వచ్చారు. మూడు వారాల తర్వాత వాళ్ల నాన్న ఇద్దర్నీ రెండు చేతుల మీదా పెట్టుకుని స్విచ్ గది దాకా తీసుకొచ్చి చూపించాడు. ఆ వార్డు మొదటి ఏడాదిలో ఊరు దాటి పంపాల్సొచ్చిన పిల్లల సంఖ్య సున్నా. నా సన్మాన పత్రంలో ఆ అంకె ఒక్కటి ఉంటే చాలు, మిగతాది మీరు కొట్టేయొచ్చు.

ఆ రోజు తమాషా చూడ్డానికొచ్చిన డైరెక్టరుగారు తమాషా చూసి ఊరుకోలేదు. మరుసటి నెలలోనే బదిలీ అడిగి మరీ నాలుగో అంతస్తు నుంచి మా మెట్ల కిందికి దిగొచ్చారు. వచ్చి జాతీయ పథకంలో ఒక నిబంధన రాయించారు. ఏ ప్రభుత్వ భవనం తనిఖీకి వెళ్లినా, ఒక్క కొలత తీసుకునే ముందు, అక్కడి నిర్వహణ మనుషులతో ఒక పూర్తి షిఫ్టు కూర్చోవాలి. వాళ్లు ఇదివరకు రాసిన ఉత్తరాలన్నీ నివేదికకి జతచేయాలి. ఆ నిబంధనతో రెండు వందల పన్నెండు ఆసుపత్రులు చేశాం. నీళ్ల పంపింగ్ స్టేషన్లు చేశాం, బడులు చేశాం, కోర్టులు చేశాం. కోర్టుల్లో మాత్రం ఫ్యాన్లు మార్చడానికి కూడా వాయిదాలు పడ్డాయి. (నవ్వులు) ఫ్రిజ్జు కొనేవాళ్లు గుర్తు చూడకుండా కొనడం మానేశారు. పాత మోటార్లు చేసే ఫ్యాక్టరీలవాళ్లు మా మీద కేసులు వేసి, ఓడిపోయి, చివరికి మంచి మోటార్లే చేసి, ఇప్పుడు పక్క దేశాలకి కూడా అమ్ముకుంటున్నారు. అన్నీ కలిపితే ఒక పెద్ద పవర్‌హౌస్ కట్టే అవసరమే లేకపోయింది. కట్టిన పవర్‌హౌస్‌కి శంకుస్థాపన రాయి ఉంటుంది, రిబ్బను ఉంటుంది. కట్టక్కర్లేకపోయినదానికి ఏమీ ఉండదు. ముప్పై ఒక్కేళ్లు ఆ సంగతి నాకు లోలోపల గుచ్చుకుంటూనే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. మా బంధువుల పెళ్లిళ్లలో వంతెనలు కట్టిన ఇంజనీరు బావగారు వంతెన చూపించేవారు. నేను చూపించడానికి ఏముంది? మా అబ్బాయి చిన్నప్పుడు బడిలో 'మీ అమ్మ ఏం కట్టింది?' అని అడిగితే, 'ఏమీ కట్టనివ్వలేదు' అని చెప్పొచ్చాడు. (నవ్వులు) ఇప్పుడు ఇంత హాలు నిండా మిమ్మల్ని చూస్తుంటే, ఆ గుచ్చుకోవడం కాస్త తగ్గింది.

థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది. ప్రతి ఊరికీ నన్ను మోసుకెళ్లిన మా జీపు డ్రైవరన్నకి, ఎన్ని మీటరు గదుల్లో బల్లిని చూసి నేను కేక పెట్టానో ఎవరికీ చెప్పనందుకు. మావారికి, నేను ఊళ్లు పట్టుకు తిరిగినన్నాళ్లూ పిల్లాడి అల్లరీ, వాళ్లమ్మగారి కోపమూ, పదో తరగతి లెక్కల పరీక్ష పేపర్లూ ఒంటిచేత్తో దిద్దినందుకు. నా తర్వాత నా కుర్చీలో కూర్చోబోయే అమ్మాయికి ముందుగానే, ఎందుకంటే నాకంటే ఎక్కువ ఓపిక ఉన్న పిల్ల తను, వచ్చిన మొదటి నెలలోనే నా నివేదికలో మూడు తప్పులు పట్టింది.

చివరిగా ఒక కబురు చెప్పి దిగిపోతాను. మొన్న మంగళవారం, ఎక్కడో కొండల్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ఎలక్ట్రీషియనూ, నర్సులూ, వంటగదివాళ్లూ కలిసి కూర్చుని, తమ భవనం తామే తనిఖీ చేసుకుని, నలభై కిలోవాట్లు మిగిల్చి, దాంతో కిడ్నీ రోగుల కోసం పన్నెండు పడకల గది తెరిచారట. తెరిచి రెండు నెలలైందట. 'మీ రికార్డు కోసం తెలియజేస్తున్నాం' అని ఒకే ఒక్క వాక్యం. మా శాఖ నుంచి ఎవరూ వెళ్లలేదు. మమ్మల్ని ఎవరూ సలహా అడగలేదు. ప్రారంభానికి మాలో ఒక్కరినీ పిలవలేదు కూడా!

పిలవలేదని మా ఆఫీసులో కుర్రవాళ్లు కొంచెం నొచ్చుకున్నారు. నేను ఆ ఉత్తరం ఇంటికి తీసుకెళ్లి మావారికి రెండుసార్లు చదివి వినిపించాను. మనం లేకుండానే పని జరిగిపోతోందంటే, నేను నిశ్చింతగా ఇంటికెళ్లొచ్చన్నమాట.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ నా ధన్యవాదాలు. మనసు నిండుగా ఉంది. సెలవు.

(అందరూ లేచి నిలబడి చప్పట్లు)